తునికాకు

వైశాఖమాసము వచ్చునప్పటికి గోదావరికి ఉత్తరమున గల అడవులు బోసిపోయి కనిపించును. టేకు ఆకులు రాలి నేలపై పరచుకొనియుండును. మోదుగ పూల కాలము ముగిసిపోవును. వాగులలో నీరింకి ఇసుక మాత్రమే మిగులును. ఇట్టి యెండలలో సైతము అడవి నేలపై మోకాలెత్తు పొదలు కొన్ని రాగిరంగు చిగుళ్లు తొడిగి, కొలది దినములలోనే పచ్చని ఆకులతో నిండియుండును. అవియే తునికి పొదలు. వాని ఆకును తునికాకు అనియు, బీడీ ఆకు అనియు పిలుతురు.

ఆ దినములలో ఉట్నూరు, ఆసిఫాబాదు, సిర్పూరు ప్రాంతముల గూడెములలో జనులు తెల్లవారకమునుపే మేల్కొందురు. గోండులు, కొలాములు, నాయకపోడులు, వారితోపాటు అడవి యంచున నివసించు ఇతర కులముల పేదలు గుంపులు గుంపులుగా అడవికి బయలుదేరుదురు. ఎండ ముదరకమునుపే ఆకు కోసికొని ఇల్లు చేరవలెను. ఆ కాలమున పొలములలో పని యుండదు. వానలు పడులోగా విత్తనములు కొనవలెను. పాత అప్పు కొంతయైనను తీర్చవలెను. బడులు తెరచునప్పటికి పిల్లలకు పుస్తకములు సమకూర్చవలెను. పెక్కు కుటుంబములకు ఈ యవసరములకై చేతికి వచ్చు ధనము తునికాకు వలన వచ్చునదియే. కొలది వారములు మాత్రమే సాగు ఈ పనిపై ఒక యింటి వానకాలమంతయు ఆధారపడియుండును.

పాత ఆదిలాబాదు, కరీంనగరము జిల్లాలకు గోదావరి చాలవరకు ఎల్లగా ప్రవహించును. 2016వ సంవత్సరము అక్టోబరు నెలలో ఆదిలాబాదు జిల్లా ఆదిలాబాదు, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాదు అను నాలుగు జిల్లాలైనది. కరీంనగరము జిల్లాయు కరీంనగరము, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల మున్నగు జిల్లాలుగా విభజింపబడినది. ఎల్లలు మారినను ఈ రెండు ప్రాంతముల సంబంధము మారలేదు. దక్షిణపు ఒడ్డున మంథని, మహాదేవపురము అడవులలో గూడ తునికాకు లభించును. అయితే కరీంనగరము సీమకు ఈ ఆకుతో మరియొక సంబంధము కలదు. అడవిలో కోసిన ఆకు బీడీగా మారునది ఈ సీమలోని పట్టణములలోను, పల్లెలలోను. ఒక స్త్రీ అడవిలో త్రుంచిన ఆకును మరియొక స్త్రీ తన యింటి వాకిట కూర్చుండి చుట్టును. ఇద్దరికిని పరిచయము లేదు. కాని ఇద్దరి కూలియు ఆ చెట్టు వేరును ఆశ్రయించియే యున్నది.

తునికి చెట్టు చేవ నల్లగా నుండును. అందుచేతనే ప్రభుత్వ పత్రములలో దీని ఆకును అబ్నూసు ఆకు అనియు వ్రాయుదురు. అబ్నూసు అనునది పారసీక, ఉర్దూ భాషలలో నల్లచేవ మానునకు గల పేరు. ఎదిగిన చెట్టు బెరడు పలకలు పలకలుగా చిట్లి మొసలి చర్మమువలె గరుకుగా నుండును. వేసవిలో దీని పండ్లు పసుపుపచ్చగా పండును. లోపలి గుజ్జు తియ్యనిది. అడవికి పోయినవారు ఈ పండ్లతో ఆకలి తీర్చుకొందురు. ఎలుగుబంట్లు, పక్షులు, గబ్బిలములు వానిని తిని గింజలను దూరప్రదేశములకు చేర్చును. అందువలన క్రొత్త మొక్కలు మొలచును.

ఈ చెట్టునకు మరియొక విశేషము కలదు. దీని వేళ్లు నేలలో దూరముగా ప్రాకి అచ్చటచ్చట పిలకలు వేయును. పైభాగమును నరికినను, అది కాలిపోయినను, వేరు బ్రతికియున్నంతవరకు క్రొత్త పిలక లేచుచునే యుండును. ఎత్తయిన చెట్టు కొమ్మల నుండు ఆకుకంటె నేలనుండి లేచిన పిలక ఆకు మేలైనది. అది వెడల్పుగను, మెత్తగను ఉండును. ఎండిన పిదప చుట్టినను చిట్లదు. బీడీకి కావలసినది ఇట్టి ఆకే. కావున తునికాకు సంపద యంతయు కంటికి కనిపించు చెట్టులో గాక, నేలలో దాగిన వేరులో నున్నది.

ఆకు సేకరణమునకు ఒక క్రమము కలదు. ఫిబ్రవరి, మార్చి నెలలలో పొదలను నేలకు దగ్గరగా పదునైన కత్తితో నరుకుదురు. దీనిని కొమ్మకొట్టుట అందురు. మొద్దుకత్తితో కొట్టినచో మొదలు చీలి, పిలక బలహీనమగును. సరిగా కొట్టిన పొద సుమారు 45 దినములకు కోతకు తగిన ఆకు నిచ్చును. ఏప్రిలు చివర మొదలిడి వానలు రాకమునుపే కోత ముగింపవలెను. మరీ లేతగానున్న ఆకు ఎండినచో ముడుచుకొనిపోవును. ముదిరిన ఆకు పెళుసగును. మచ్చలు పడినదియు, పురుగు కొట్టినదియు పనికిరాదు. కావున కోయువారి చేతికి వేగముతోపాటు వివేకమును కావలెను.

ఇల్లు చేరిన పిదప కుటుంబమంతయు నీడను కూర్చుండి ఆకులను ఏరి కట్టలు కట్టుదురు. కట్టకు 50 ఆకులు. సాయంకాలము ఆ కట్టలను కల్లమునకు కొనిపోవుదురు. కల్లేదారు వానిని లెక్కించి పుస్తకమున వ్రాసికొనును. కల్లములో కట్టలను వరుసలుగా పేర్చి, ఎండనిచ్చి, త్రిప్పివేసి, మరల ఎండనిచ్చి, పిదప గోనెసంచులలో నింపుదురు. 1,000 కట్టలు ఒక స్టాండర్డు బస్తా యగును. అనగా ఒక బస్తాలో 50,000 ఆకులుండును. వానిలో ప్రతి యాకును ఎవరో ఒకరు చేతితో త్రుంచినదే. కల్లములో కట్టలు ఆరుచుండగా అకాలవర్షము కురిసినచో ఆకు నల్లబడి చెడిపోవును. అందువలన ఆ దినములలో ఆకాశమున చిన్న మేఘము కనిపించినను గూడెమంతయు తల్లడిల్లును.

సంచులు లారీలలో పట్టణములు చేరును. జగిత్యాల, కోరుట్ల, మెట్పల్లి, సిరిసిల్ల ప్రాంతములలో బీడీలు చుట్టువారిలో అత్యధికులు స్త్రీలు. సిరిసిల్లలో మగవారు మరమగ్గములపై నేయుచుండగా, అనేక గృహములలో స్త్రీలు చాట ముందిడుకొని బీడీలు చుట్టుదురు. ఆకును తడిపి, కత్తెరతో కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారము కట్టుదురు. వేయి బీడీలకు ఇంత అని కూలి లెక్కింపబడును. వీరి రక్షణకై 1966లో కేంద్రప్రభుత్వము బీడీ, సిగారు కార్మికుల చట్టమును చేసినది. బీడీ పొగ త్రాగువారి ఊపిరితిత్తులకు గొప్ప హాని కలిగించును. దినమెల్ల పొగాకు ధూళి నడుమ కూర్చుండుట చుట్టువారికిని మంచిది కాదు. ఈ రెండు సత్యములను మరువరాదు. అయినను మరియొక జీవనోపాధి దొరకునంతవరకు వేలాది కుటుంబములకు ఈ పనియే ఆధారము. ఆధారమైనది ఉన్నంతకాలము దానిని వివేకముతో నిర్వహించుట విధి.

వివేకము లోపించినచో ఏమగునో అడవి స్పష్టముగా చూపును. కొమ్మకొట్టుట శ్రమతో గూడిన పని. ఒక్కొక్క పొదను వెదకి కొట్టవలెను. దానికంటె నిప్పు పెట్టుట సులభము. ఒక అగ్గిపుల్లతో ఎకరములకొలది నేల కాలిపోవును. పదునైదు ఇరువది దినములలో తునికి పిలకలు లేవసాగును. చూచువారికి లాభమే కలిగినట్లు తోచును. కాని ఆ మంటలో ఎన్ని గింజమొలకలు మాడిపోయినవో కనిపించదు. నేలపై గ్రుడ్లు పెట్టు పక్షుల గూళ్లు నశించినవి. రాలిన ఆకు కుళ్లి ఎరువు కావలసినది బూడిదయైనది. మొదటి వానకు పైమట్టి కొట్టుకొనిపోవును. ఇప్ప, మద్ది, ఉసిరిక వంటి చెట్ల పిల్లమొక్కలు తునికివలె వేరునుండి సులభముగా లేవలేవు. ఏటేట కాలిన అడవిలో ముసలిచెట్లు మిగులునే గాని, వాని స్థానమును పొందవలసిన లేతచెట్లు మిగులవు.

మరికొందరు ఆకుకై ఎదిగిన చెట్ల కొమ్మలనే నరికి క్రింద పడవేయుదురు. ఒక ఉదయపు పని తేలికయగును. అయితే ఆ కొమ్మలపైననే పండ్లు కాయవలసియుండెను. పండు లేనియెడల గింజ లేదు. గింజ లేనియెడల రేపటి చెట్టు లేదు. వేరు పిలకలు వేయుచుండుటచేత ఈ నష్టము వెంటనే తెలియదు. తెలిసిన నాటికి దిద్దుకొనుటకు ఒక తరము పట్టును.

ఇది ఎరుగనివారు అడవిలో లేరు. తరతరములుగా అడవిలో బ్రతికినవారికి వేరు విలువ పట్టణవాసులకంటె బాగుగా తెలియును. మరి వివేకము ఎందులకు లోపించును? దీనికి సమాధానము చెట్టులో లేదు. హక్కులో నున్నది. ఈ ఆకు ఎవరిది? ఎవరు, ఎప్పుడు, ఎంత కోయవచ్చును? వచ్చు సంవత్సరము ఇదే చోట కోయుటకు తనకు హక్కుండునని కోయువానికి నమ్మకమున్నదా? ఈ ప్రశ్నలకు స్పష్టమైన సమాధానములు లేనిచోట, నేడు తాను తీసికొననిచో రేపు మరియొకడు తీసికొనునను భయము పుట్టును. ఆ భయమే అగ్గిపుల్ల గీయించును.

ఈ ప్రశ్నలు ఈ సీమకు క్రొత్తవి కావు. నిజాము ప్రభుత్వము అడవులకు ఎల్లలు వేసి రిజర్వు అడవులుగా ప్రకటించిన పిదప, అందు పుట్టి పెరిగినవారికి పశువులను మేపుటకును, కట్టె తెచ్చుకొనుటకును గూడ ఇతరుల అనుమతి కావలసివచ్చెను. నీరు, అడవి, భూమి తమవేయని పోరాడిన కుమురం భీము 1940లో జోడేఘాటు కొండలలో ప్రాణములర్పించెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదపను చాలకాలము తునికాకు గుత్తేదారుల చేతిలోనే యుండెను. వారు చెప్పినదే ధర, వారు లెక్కించినదే లెక్క.

ఈ పరిస్థితిని మార్చుటకు మధ్యప్రదేశ్ 1964లో తునికాకు వ్యాపారమును ప్రభుత్వాధీనము చేసెను. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1971లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపార నియంత్రణ చట్టమును చేసినది. దీని ననుసరించి ఆకు దొరకు ప్రాంతములను యూనిట్లుగా విభజింతురు. ప్రభుత్వము గాని, అది నియమించినవారు గాని తప్ప ఇతరులు అందలి ఆకును కొనరాదు. కోసినవారికి ఈయవలసిన ధరను ప్రభుత్వమే నిర్ణయించి ప్రకటించును. ధర ముందుగా తెలియుట కోయువారికి మేలైనది. అయితే ఒక లోపము మిగిలిపోయెను. ఒక యేటి ఆకును కొన్న వ్యాపారికి ఆ యేటి ఆకుతోనే పని. మరుసటి యేడు మరియొకడు రావచ్చును. అట్టివానికి వేరుపై శ్రద్ధ యుండుట అరుదు. కోయువారికి ధర లభించినను, అడవిపై మాట చెల్లలేదు.

పిమ్మట 1996లో షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీలను గూర్చిన చట్టము వచ్చినది. 2006లో అటవీహక్కుల చట్టము వచ్చినది. ఈ రెండవ చట్టము చిన్నతరహా అటవీ ఉత్పత్తులలో తునికాకును పేరుపెట్టి చేర్చినది. వానిని సేకరించుటకును, వాడుకొనుటకును, అమ్ముకొనుటకును అడవిలో నివసించువారికి స్వామ్యము కలదని అంగీకరించినది. అడవిని కాపాడు అధికారమును గ్రామసభకు ఇచ్చినది. ఈ విధముగా 1971నాటి చట్టము వ్యాపారమును ప్రభుత్వమున కప్పగింపగా, 2006నాటి చట్టము స్వామ్యమును ప్రజలకు ఒప్పుకొన్నది. ఈ రెంటిని ప్రతి గ్రామమునకును అర్థమగునట్లు పొందుపరచుటయే నేటి గొప్ప కర్తవ్యము. కాగితముపై నున్న హక్కు కల్లము వరకు నడచిరావలెను.

అట్లు నడచివచ్చినచో ఏమి జరుగునో ప్రాణహితకు ఆవలి యొడ్డున చూడవచ్చును. మహారాష్ట్రములోని గడ్చిరోలి జిల్లాలో మెండా-లేఖా అను గోండు గ్రామము 2009లో తన అడవిపై సామూహిక హక్కు పత్రమును పొందెను. 2011లో తన వెదురును తానే అమ్ముకొనుటకు అనుమతి పొందెను. తరువాతి సంవత్సరములలో ఆ ప్రాంతమున పలు గ్రామసభలు తునికాకును గూడ స్వయముగా అమ్ముకొనసాగినవి.

ఆదిలాబాదు సీమకు పొరుగుననున్న చంద్రపూరు జిల్లాలో పాచ్‌గావ్ అను చిన్నగ్రామము కలదు. హక్కు పత్రము చేతికి వచ్చిన పిదప ఆ గ్రామస్థులు సభచేసి ఆలోచించిరి. ఆకుకై కొమ్మలు నరకవలసివచ్చుచున్నది, నిప్పు పెట్టవలసివచ్చుచున్నది, పిల్లలు తినవలసిన పండ్లు దక్కకున్నవి. ఇదంతయు తలపోసి వారు తునికాకు కోతను పూర్తిగా మానివేసిరి. వెదురువలన వచ్చు ఆదాయముతో తృప్తిచెందిరి. ఆకు కోయుడని గాని, కోయవలదని గాని వారికెవరును ఆజ్ఞాపింపలేదు. అడవి తమదని తెలిసినందువలననే వారు దానిని విడిచిపెట్టగలిగిరి. ప్రతి గ్రామమును కోత మానవలెనని దీని యర్థము కాదు. వెదురు లేని గ్రామమునకు ఆకే కావలసియుండును. కాని ఎంత కోయవలెను, ఎంత విడువవలెనని నిర్ణయించుటకు మొదట నిలుచుటకు చోటు కావలెను. స్పష్టమైన చట్టము అట్టి చోటు నిచ్చును.

అడవి విషయమున చెల్లు ఈ న్యాయము సముద్రమునందును చెల్లును. తమిళనాడులో రామనాథపురము తీరమున స్త్రీలు తరతరములుగా సముద్రపు నాచును సేకరించుచున్నారు. నాచునుండి తీయు అగరు మున్నగు పదార్థములు ఆహారవస్తువులలోను, ప్రయోగశాలలలోను వాడబడును. 1986లో మన్నారు సింధుశాఖయందలి 21 దీవుల ప్రాంతము జాతీయవనముగా ప్రకటింపబడెను. సముద్రజీవులను కాపాడుటకు అది అవసరమే. అయితే నిన్నటివరకు పని చేసికొనిన చోట ఆ స్త్రీలు ఒక్కసారిగా అపరాధులైరి. వారు నిరాశ చెంది ఊరకుండలేదు. నెలకు 12 దినములు మాత్రమే నాచు తీయవలెననియు, ఇనుప పనిముట్లతో గీకక చేతితోనే త్రుంచవలెననియు తమలో తామే కట్టుబాటు చేసికొనిరి. తునికి పొదకు పదునైన కత్తి యెట్టిదో, నాచునకు ఉత్త చేయి అట్టిది. రెండును మొదలును కాపాడి పైభాగమును తీసికొను పద్ధతులే. తీరమునకు సంబంధించిన చట్టములు అట్టి కట్టుబాట్లను గుర్తించి వానికి బలమిచ్చినచో నాచును నిలుచును, నాచుపై బ్రతుకువారును నిలుతురు.

ప్రకృతి యిచ్చు వస్తువును తీసికొనుట తప్పు కాదు. ఆవు పాలు పితుకువాడు దూడకు విడిచి పితుకును. రైతు విత్తనమునకు కొంత గింజ దాచును. ఈ న్యాయమును ఇంటిలో అందరును పాటింతురు. నలుగురి సొత్తైన అడవిలోను, సముద్రములోను పాటించుటకు నలుగురును అంగీకరించిన నియమము కావలెను. ఆ నియమము కోయువారికి తెలిసిన భాషలో నుండవలెను. దానిని చేయునపుడు వారి మాట వినవలెను. చేసిన పిదప ఏటేట మార్చక నిలుపవలెను.

తొలకరి చినుకులు పడగానే కల్లములు మూతపడును. లారీలు తిరిగి పోవును. ఆకు అమ్మిన ధనముతో కొన్న విత్తనములు గూడెపు చేలలో మొలకెత్తును. అడవిలో కోసిన పొదలు మరల చిగిర్చును. ఆ చిగురు మరుసటి వైశాఖమునకు కోతకు వచ్చునా, రాదా యనునది నేలలోని వేరుపైనను, ఆ వేరు ఎవరి సంరక్షణలో నున్నదో తేల్చి చెప్పు చట్టముపైనను ఆధారపడియుండును.